ఆసామి అడిగిన దయ

రుద్రంగి దాటింది, కథలాపూర్ ఇంకా రాలేదు. అంతలో బస్సు పొడిదగ్గు దగ్గి, రోడ్డు పక్కకు ఒరిగి ఆగిపోయింది. డ్రైవరు దిగి మూత ఎత్తేసరికి ఆవిరి గుప్పున లేచింది.

"దిగుండ్రి దిగుండ్రి. ఎనుక బస్సు అస్తది, గండ్ల ఎక్కిస్త," అంది కండక్టరమ్మ.

"ఫిరీ బస్సాయె. గింతే గుంజుతది," అన్నాడు తలకు తువ్వాల చుట్టుకున్న పెద్దమనిషి ఒకాయన.

"మేం ఫిరీగ అచ్చినం. నువ్వు పైసలు వెట్టి కొన్నవు గదా, దిగి నీ వంతు నువ్వు నూకు," అంది వెనుక సీటులోంచి ఒకావిడ. బస్సంతా నవ్వింది. పెద్దమనిషి కూడా నవ్వాడు, తప్పక.

గౌరవ్వ నవ్వలేదు. ఆమెకు మోకాలి నొప్పి. సంచి చంకన పెట్టుకొని మెల్లగా మెట్లు దిగి, కల్వర్టు గోడ మీద కూర్చుంది. అరవై దాటిన మనిషి. ఏళ్ళ తరబడి బీడీలు చుట్టడం వల్ల వేళ్ళ కొసలు తునికాకు రంగుకు తిరిగాయి. భుజం దగ్గర చీరకు చిన్న బిళ్ళ ఒకటి గుచ్చుకుంది. సగం తెలుపు, సగం నలుపు, మధ్యలో సిలువ.

ఆ బిళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. కతోలికుల్లో సన్యాసుల సభలు చాలా ఉన్నాయి. కొన్ని తలుపులు మూసుకొని ప్రార్థన చేసేవి, కొన్ని రోగుల మంచాల పక్కన నిలబడేవి. ఎనిమిది వందల ఏళ్ళ కింద స్పెయిన్ నుంచి బయలుదేరిన ఒక సాధువు మాత్రం తన వాళ్ళను రోడ్ల మీదికి తోలాడు. నడవండి, మనుషులతో మాట్లాడండి, అన్నాడు. అదే బోధకుల సభ. పెళ్ళాం పిల్లలు, పొలాలు, పక్కింటి తగాదాలు ఉన్నవాళ్ళకు కూడా ఆ సభలో ఒక చోటు ఉంది. వాళ్ళను గృహస్థ సభ్యులంటారు. అంగీ లేదు, మఠం లేదు. ఎవరి ఇంట్లో వాళ్ళు తిని, ఎవరి కూలి వాళ్ళు చేసుకొని, సందు దొరికినచోట దేవుని మాట చెప్పడమే వాళ్ళ వ్రతం. ఈ నేలకు ఇదేమంత వింత కాదు. బుడగ జంగాలైనా, ఒగ్గు కథ చెప్పేవాళ్ళైనా సంసారాన్ని భుజానేసుకొని తిరుగుతూనే దేవుణ్ణి చెప్పారు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, మూడు ఊళ్ళలోనూ మూడు చిన్న గుంపులు. అప్పుడప్పుడూ అందరూ ఒక ఊళ్ళో కూడి, ఎక్కడ ఏం చెప్పారో, ఎవరు కూర్చోబెట్టి విన్నారో, ఎవరు కుక్కను వదిలారో ఒకరికొకరు చెప్పుకుంటారు. ఈసారి కోరుట్ల వంతు. గౌరవ్వ సిరిసిల్ల గుంపు మనిషి, ఇల్లు తంగళ్ళపల్లిలో.

ఆమె బోధ అంతా బీడీల దగ్గరే. ఆడవాళ్ళు అరుగు మీద చాటలు ఒళ్ళో పెట్టుకొని వరసగా కూర్చుంటే, ఆమె కూడా తన చాట తెచ్చుకొని కూర్చుంటుంది. చేతులు ఆకు కత్తిరిస్తుంటాయి, నోరు కథ చెబుతుంటుంది. తప్పిపోయిన గొర్రె కథ ఆమె చెబితే ఆ గొర్రె బోయినపల్లి అడవిలో తప్పిపోయినట్టే ఉంటుంది. మధ్యలో ఎవరైనా దారం అడిగితే ఇస్తుంది, కథ తెగదు. వినేవాళ్ళలో సగం మంది గుడికి పోయేవాళ్ళే. అయినా వింటారు. "గౌరవ్వ చెప్తె చెయ్యి జల్ది ఆడుతది," అంటారు.

ఒక్కటి మాత్రం ఆమె ఎన్నడూ చెప్పలేదు. సభల్లో ఎవరి సాక్ష్యం వాళ్ళు చెబుతారు, దేవుడు నన్నెట్లా పట్టుకున్నాడు అని. గౌరవ్వ వంతు వస్తే, "నాది ఇంక పండలే. పండినంక చెప్త," అని కూర్చునేది. నవ్వి ఊరుకునేవారు.

"చెల్లె! నువ్వు గూడ కోరుట్ల సభకేనా?"

ఎవరో ఆమె బిళ్ళను చూసి, చెవి దగ్గర అరిచినట్టు అడిగారు. గౌరవ్వ తల తిప్పింది. పొడుగాటి మనిషి, బాగా చిక్కిపోయాడు. చొక్కా ఎవరో లావుపాటి వాడి దగ్గర అడిగి తెచ్చుకున్నట్టు వేలాడుతోంది. తల నున్నగా ఉంది. కొత్తగా మతంలోకి వచ్చినవాళ్ళు వేసుకున్నట్టే జపమాలను చొక్కా బయటికి వేసుకున్నాడు. ఆ అరుపు వినగానే సిరిసిల్ల మనిషని ఆమెకు తెలిసిపోయింది. సాంచాల మధ్య బతికినవాళ్ళు గుసగుసలాడినా గల్లీ చివరికి వినిపిస్తుంది. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. వాటి చప్పుడు చెవుల్ని తిని గొంతుల్ని పెంచుతుంది.

"ఔనన్నా. నువ్వు గూడనా?"

"నాకు గియ్యాల బట్ట ఏస్తరట," అన్నాడతను. పెళ్ళికొడుకులా సిగ్గుపడ్డాడు కూడా.

బట్ట వేయడమంటే సభలో చేర్చుకోవడం. వచ్చినవాణ్ణి అందరి ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, "ఏమి కోరి వచ్చావు?" అని అడుగుతారు. "దేవుని దయను, మీ దయను," అని అతను జవాబు చెప్పాలి. అది ఆ సభలో పాత కాలం నుంచి ఉన్న మాట. దానికి ఈ మూడు ఊళ్ళ వాళ్ళు తమది ఒక పద్ధతి కలుపుకున్నారు. అందరికన్నా ముందు సభలో చేరిన మనిషి ఆ ప్రశ్న అడగాలి, జవాబు విని నల్లంచు తెల్ల కండువా భుజాల మీద వేయాలి. ఆ అందరికన్నా ముందు మనిషి గౌరవ్వే.

ఆ సంగతి ఆమె చెప్పలేదు. ఎదుటివాడు కుర్రవాడైతే చెప్పి నవ్వించేది.

"ఏ ఊరన్నా?"

"ఇప్పుడు యేములవాడ. తమ్మునింట్ల ఉంటున్న. అసలు సిరిసిల్లనే. జగిత్యాల దవాఖానల చావుదాక పోయి అచ్చిన. గక్కడ కృపారాణి సిస్టరు మందిచ్చి, ధైర్యం చెప్పి నన్ను నిలవెట్టింది. గప్పటి సంది జగిత్యాల గుంపుతోనే పోతున్న."

"సిరిసిల్లల గూడ సభ ఉన్నది గదన్నా. అంత దూరమెందుకు?"

అతను రోడ్డు వైపు చూశాడు. "సిరిసిల్లల నన్ను అందరు ఎరుగుదురు చెల్లె. కొత్త మనిషిగ పోవాలంటె కొత్త ఊరికే పోవాలె." ఆగి, మళ్ళీ అరిచాడు. "జర ఒక్క ముచ్చట. గియ్యాల నేను సాక్ష్యం చెప్పాలె. నోరు ఎండుకపోతున్నది. నువ్వు పాత మనిషివి, ఒక్కసారి ఇంటవా? ఎక్కడన్న తప్పుంటె దిద్దు."

"చెప్పన్నా. బస్సు అచ్చేదాక పనేమున్నది."

అతను కల్వర్టు ముందుకు వచ్చి, జనం ముందు నిలబడ్డట్టే నిలబడ్డాడు. ఎదురుగా రోడ్డు దాటుతున్న మేకలే జనం.

"నా పేరు ఆనందం. సిరిసిల్లల, పాత బస్టాండు ఎనుక గల్లీల నాకు సాంచాల కార్ఖాన ఉండె. నన్ను ఆసామి అనెటోళ్ళు. నా కార్ఖానల ఒక కూలోడు ఉండె. మీ తీరుగనే దేవుణ్ణి నమ్మినోడు. కని తాగుబోతు. తాగి సాంచ మీద చెయ్యి వెట్టకురా అని నేను ఎన్నిసార్లో చెప్పిన. ఇనలే. ఒక దినం పొద్దుగాలనే తాగచ్చి స్విచ్చు బోర్డు ముట్టుకున్నడు. నా కండ్ల ముంగటనే పానం పోయింది. గా చావు సూసి నా గుండె పలిగింది. గప్పటి సంది దేవుణ్ణి దేవులాడుడు సురువు జేసిన..."

గౌరవ్వ చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఉత్తపుణ్యానికే వేళ్ళు బీడీ చుడుతున్నట్టు కదులుతుంటాయి ఎప్పుడూ, నిద్రలో కూడా. అవి ఆగిపోయాయి.

ఆ కూలోడి పేరు జైపాల్. గౌరవ్వ మొగుడు.

కల్లు తాగకుండా పెళ్ళి జరగని నేలలో జైపాల్ ఒక తమాషా మనిషి. చుక్క ముట్టేవాడు కాదు. చుట్టాలు కుండల చుట్టూ కూర్చుంటే తను నీళ్ళ చెంబు పట్టుకొని కూర్చునేవాడు. బావమరుదులు, "గీనికి మీసాలెందుకయ్యా, మాకియ్యరాదు," అని ఏడిపించేవాళ్ళు. ఆదివారం చర్చిలో పిల్లలకు ప్రార్థనలు నేర్పేవాడు, మిగతా రోజులు సాంచాలు నడిపేవాడు. చనిపోయే ముందు కొన్ని రోజులు ఇంటికి వచ్చి చేయి చూపించేవాడు. "బోర్డు షాక్ కొడుతున్నదే. ఆసామికి చెప్పిన. గీ మాలు పోయినంక సూద్దామన్నడు."

మాలు పోకముందే జైపాల్ పోయాడు.

కబురు విని ఆమె బీడీల చాట విసిరేసి పరుగెత్తింది. పొద్దున పోయిన మనిషి కబురు మిట్టమధ్యాహ్నానికి గాని అందలేదు. కార్ఖానా గడప ముందు గోనెసంచి పరిచి పడుకోబెట్టారు. లోపల రెండు సాంచాలు మాత్రం ఆపి, మిగతావి నడుపుతున్నారు. ఫాదర్ ఊళ్ళో లేడు. ప్రార్థన చెప్పేవాళ్ళు లేరు. గౌరవ్వ అంతకుముందు నలుగురిలో నోరు విప్పి ప్రార్థన చేసిన మనిషి కాదు. ఆ రోజు శవం పక్కన మోకరించి, పరలోకమందున్న మా తండ్రీ అని గట్టిగా అందుకుంది. ఆసామి గడపలో నిలబడి లోపలికి చేయి ఊపాడు. ఆగిన రెండు సాంచాలు కూడా లేచాయి. ఆమె నోరు ఆడుతోంది, ఆమె మాట ఆమెకే వినిపించలేదు. అప్పుడే, మొగుడి ఛాతీ మీద తల పెట్టినప్పుడు, చొక్కా మీద కల్లు వాసన కొట్టింది. నోట్లో లేదు. చొక్కా మీద ఉంది, తడితడిగా.

పోలీసులు వచ్చి వాసన చూశారు. గల్లీ చూసింది. "తాగి అచ్చిండు," అన్నాడు ఆసామి. ముక్కు సాక్ష్యం చెప్పాక గౌరవ్వ సాక్ష్యం ఎవరికి కావాలి? చర్చి సిస్టర్లు కూడా పక్కకు పిలిచి, "నిజమేనామ్మా?" అని అడిగారు. అన్నిటికన్నా లోతుగా దిగింది ఇంకొకటి. బిడ్డ స్వప్నను బడిలో తాగుబోతు బిడ్డ అన్నారు. ఏడ్చి వచ్చింది, తిట్టి వచ్చింది, చివరికి నమ్మింది. ఇప్పుడు జగిత్యాలలో కాపురం, ఇద్దరు పిల్లల తల్లి. గోడ మీద అత్తమామల ఫొటోలున్నాయి, తండ్రి ఫొటో లేదు. "సచ్చినోన్ని ఏమనద్దు తియ్యవ్వా," అంటుంది స్వప్న, గౌరవ్వ ఆ మాట ఎత్తితే. ఏమీ అనకపోవడంలోనే అంతా అంటుంది.

ఆ అబద్ధం ఇప్పుడు జపమాల వేసుకొని, రోడ్డు మీద మేకలకు సాక్ష్యం చెబుతోంది.

"ఎట్లున్నది చెల్లె?"

గౌరవ్వ అతన్ని పరీక్షగా చూసింది. ఆ లావు మనిషి ఎటు పోయాడు? మీసాలెటు పోయాయి? ఇంత మనిషిని రోగం ఎంత తిన్నా ఆ కళ్ళను తినలేదు. ఆమె ఆ రోజు కొంగు నెత్తి మీదికి లాక్కొని, ఏడుపుతో ఉబ్బిన ముఖంతో ఉంది. అతనికి ఏం గుర్తుంటుంది? ఇక్కడే, ఈ కల్వర్టు దగ్గరే లేచి గొంతు పట్టుకోవచ్చు. బస్సు దిగిన జనమున్నారు. కాని వీళ్ళెవరు? కథలాపూర్‌లో దిగిపోయేవాళ్ళు. వీళ్ళ ముందు నిలబెడితే ఏం లాభం?

ఆమె గొంతు సవరించుకుంది. బీడీల దగ్గర ఆడవాళ్ళను కదలకుండా కూర్చోబెట్టే గొంతు అది.

"మంచిగున్నదన్నా. మస్తున్నది. కని గా తాగిన కాడ నువ్వు గుటుక్కున మింగుతున్నవు. గక్కడ ఆగాలె. జనం నమ్మాలంటె ఉత్తగ తాగిండు అంటె సాలదు."

"మరేమనాలె?"

"వాసన చెప్పు."

ఆనందం రెప్పలు టపటపలాడాయి. "వాసననా?"

"తాగినోని కాడ వాసన రాదా అన్నా? నువ్వు దగ్గర ఉంటివి గదా. గా వాసన చెప్తె కూసున్నోళ్ళ ముక్కులకు తగులుతది."

అతను తల వంచి, చెప్పుతో కంకర రాయి ఒకటి నెట్టాడు. ఇప్పుడైనా 'వద్దులే చెల్లె' అంటాడేమో. అంటే ఏం చేయాలో ఆమెకు తెలియదు. అతను తలెత్తి, ఎదురుగా ఉన్న తుమ్మచెట్టుకు చెప్పి చూసుకున్నాడు. "కల్లు వాసన గుప్పున కొట్టింది."

"ఇంకొంచెం మెల్లగ. గుప్పున అనంగనే ఆగు. ఊపిరి గుంజు."

"కల్లు వాసన... గుప్పున కొట్టింది."

"ఆఁ. గట్ల."

"బోధకురాలంటె నువ్వు చెల్లె," అన్నాడు ఆనందం. అతని కళ్ళలో నీళ్ళు. నిజమైన నీళ్ళే. అబద్ధాన్ని పదే పదే చెబితే అది చెప్పేవాడి కళ్ళ నుంచి కూడా నీళ్ళు తెప్పిస్తుంది. సాక్ష్యాలు చెప్పేవాళ్ళకు వచ్చే రోగమే అది. మొదటిసారి జరిగింది చెబుతారు, తరవాత జనం ఎక్కడ కళ్ళు తుడుచుకున్నారో అది చెబుతారు.

వెనుక బస్సు రాలేదు. కోరుట్ల నుంచి జీవన్ ఆటో వచ్చింది. అతనూ సభ్యుడే, ఆటో నడుపుతాడు. గౌరవ్వ ఫోన్ చేస్తే ఖాళీ బండి వేసుకొని వచ్చేశాడు.

"ఎక్కుండ్రి అవ్వా. నా బండ్ల ఎక్కినోళ్ళకు ఒక వాక్యం ఫిరీ. దిగుతనంటె రెండు," అన్నాడు.

"నిన్న ఒకాయన మెట్‌పల్లికి ఎక్కిండు," అని దారి పొడుగునా చెప్పాడు. "నేను వాక్యం సురువు జేసిన. ఆయన, 'తమ్మీ, ముందుగాల బ్రేకులు మంచిగ ఎయ్యి, దేవుణ్ణి నేను ఇంటికి పోయినంక మొక్కుకుంట' అన్నడు. గది గూడ బోధనే గదవ్వా? గాయన నాకు చేసిండు."

ఆనందం పెద్దగా నవ్వాడు. గౌరవ్వ సంచిని గట్టిగా పట్టుకొని బయటికి చూస్తూ కూర్చుంది. పసుపు తోటలు వెనక్కి పోతున్నాయి. ఆమె మనసులో పెద్ద పండుగ రోజు ఉండేలాంటి కుదురు వచ్చింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేని నెమ్మది.

కోరుట్ల చర్చి వెనుక హాలులో అందరూ చేరారు. కృపారాణి నడిపిస్తోంది. జగిత్యాలలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. సూది గుచ్చే ముందు చెయ్యి నిమిరినట్టే మాట్లాడుతుంది.

ముందు వెల్గటూర్ లస్మయ్య లేచాడు. పొలం పనులు చేసే మనిషి, మాట నిదానం. "గోదారొడ్డుకు ఒక రైతు కాడికి పోయిన. దేవుని మాట చెప్త బావా అన్న. చెప్పు గని జర గీ పైపు వట్టు అన్నడు. పట్టిన. మోటరు ఎక్కుతలేదు. పొద్దుగూకేదాక పట్టిన. దేవుని పేరు ఒక్కసారి గూడ ఎత్తలే. పోయేటప్పుడు గాయన, 'మీ దేవుడు మంచోడయ్యా, రేపు గూడ రా' అన్నడు."

హాలు పగలబడి నవ్వింది. గౌరవ్వ కూడా నవ్వింది. నవ్వగలిగినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

తరవాత ఆనందం. కార్ఖానా, కూలోడు, తాగుడు అన్నీ వచ్చాయి. ఆ చోటికి వచ్చేసరికి ఆగాడు. ఊపిరి లాగాడు. "కల్లు వాసన... గుప్పున కొట్టింది." ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కృపారాణి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆనందం గౌరవ్వ వైపు చూసి, బాగా వచ్చింది కదా అన్నట్టు తల ఊపాడు. ఆమె కూడా ఊపింది.

కొవ్వొత్తులు వెలిగించారు. ఆనందం ముందుకు వచ్చి మోకరించాడు. కృపారాణి మడిచిన తెల్ల కండువాను పళ్ళెంలో పెట్టి గౌరవ్వకు అందించింది. గౌరవ్వ లేచి అతని ముందు నిలబడ్డాక గాని అడిగేది ఈమేనని ఆనందానికి తెలియలేదు. ముఖం వెలిగిపోయింది. తనను దిద్దిన మనిషే తనకు బట్ట వేయబోతోంది!

"ఆనందం. ఏమి కోరి వచ్చావు?" పుస్తకంలో ఉన్నట్టే అడిగింది.

"దేవుని దయను, మీ దయను."

ఆ తరవాత కండువా వేయాలి. గౌరవ్వ వేయలేదు.

"దేవుని దయ నా చేతుల లేదు. గది ఆయన ఇష్టం," అంది. పుస్తకం భాష పోయింది. "మా దయ గూడ అడిగినవు. గండ్ల నాదొకటి ఉన్నది. గది ఇయ్యాలంటె ఒకటి చెప్పాలె. గా సచ్చినోనికి పేరు లేదా?"

"ఎవలికి చెల్లె?"

"కల్లు వాసనోనికి."

హాలులో కుర్చీ ఒకటి కిర్రుమంది. ఆనందం ఆమె ముఖంలోకి చూశాడు. కొంగు నెత్తి మీదికి లాక్కున్న ఆడమనిషి ఎవరో ఆ ముఖంలో నుంచి మెల్లగా బయటికి వస్తున్నట్టుంది.

"జైపాల్," అన్నాడు.

"జైపాల్ నా మొగడు," అంది గౌరవ్వ, అతనికి కాదు, అందరికీ. "నేను బస్సు కాడనే గుర్తువట్టిన. వాసన చెప్పుమని నేర్పింది గూడ నేనే. మీ అందరి ముంగట చెప్పాలె, గందుకే నేర్పిన. ఇగ చెప్పు ఆసామీ. గా కల్లు ఎక్కడ ఉండె? నోట్ల ఉండెనా, అంగి మీద ఉండెనా?"

ఆనందం చూపు తన చొక్కా మీదికి దిగింది.

"ఎవలు పోసిన్రు?"

ఆనందం ఏదో అన్నాడు. సాంచాల మనిషి, జీవితంలో మొదటిసారి గొంతులోపలే మాట్లాడాడు.

"ఇనవడలే," అంది గౌరవ్వ. "సాంచాలు నడుస్తున్నయి. గట్టిగ చెప్పు."

"తమ్ముడు పోసిండు. నేనే పొయ్యమన్న."

"ఇంక గట్టిగ."

"నేనే పొయ్యమన్న! జైపాల్ తాగలే. ఏనాడు తాగలే. బోర్డు ఖరాబున్నదని చెప్పిండు, నేనే ఇనలే. కేసైతదని తాగిండన్న!" అరుపు గోడలకు తగిలింది. వంటలు చేస్తున్నవాళ్ళు గరిటెలతోనే తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"మల్ల చెప్పు."

మళ్ళీ చెప్పాడు. మళ్ళీ చెప్పించింది. గొంతు పగిలి గాలి మాత్రమే వచ్చేదాకా చెప్పించింది. పగ తీరినప్పుడు నోరు చేదవుతుందని బోధకులు చెబుతుంటారు. గౌరవ్వ కూడా బీడీల దగ్గర ఆ మాట చెప్పింది. అది నిజం కాదని ఆమెకు ఆ రోజు తెలిసింది. ఎండలో నడిచి వచ్చి కుండలో నీళ్ళు తాగినట్టుంది. ఇంకో చెంబు కావాలనిపించింది.

కృపారాణి వచ్చి ఆమె మోచేయి పట్టుకుంది. "గౌరవ్వా, ఇగ సాలు. ఒప్పుకున్నడు గదా. నేను గూడ నమ్మిన గా తాగుడు ముచ్చట, నాది గూడ తప్పే. బట్ట ఎయ్యి."

"ఎవలి ముంగట ఒప్పుకున్నడు సిస్టరూ? మీ ముంగట. మీరు నా మొగన్ని తాగుబోతు అనలే. అన్నోళ్ళు సిరిసిల్లల ఉన్నరు. నమ్మిన బిడ్డ జగిత్యాలల ఉన్నది."

"మాఫీ చెయ్యాలె గదా అక్కా," అన్నాడు లస్మయ్య, నేల చూస్తూ. "మనమే గదా ఊరూరు తిరిగి చెప్తం."

"చెప్తం. నేను మీ అందరికన్న మంచిగ చెప్త. చెప్పుడు నాకు అస్తది లస్మయ్యా. గియ్యాల చేసుడు అస్తలేదు. నువ్వు చేస్తవా? నీ అంగి మీద పోసిన్రా కల్లు?"

లస్మయ్య వెనక్కి తగ్గి కుర్చీలో కూర్చున్నాడు.

ఆనందం ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. రోగం తిన్న కాళ్ళు, లేవలేకపోతున్నాడో, లేవడం లేదో తెలియదు. చేతులు రెండూ చాపి ఉన్నాయి, కండువా కోసం చాపినవి, మరిచిపోయినట్టు అట్లాగే. గౌరవ్వ కండువాను అతని భుజాల మీద వేయలేదు. మడత విప్పకుండా ఆ చేతుల్లో పెట్టింది.

"ముందుగాల నా బిడ్డకు చెప్పు. దాని కండ్లల్ల సూసి చెప్పు. దాని పిల్లలు ఇనంగ చెప్పు. ఎనుక పాత బస్టాండు గల్లీల నిలవడి చెప్పు, గట్టిగ. గప్పుడు గిది ఎవలన్న ఏస్తరు. నేనైతె ఎయ్య. నా దయ నీకు లేదు."

ఎవరూ అడ్డం రాలేదు. ఆమె కుర్చీ దగ్గరికి పోయి సంచి తీసుకుంది. వరండాలో విస్తళ్ళు వేసి ఉన్నాయి. బగారన్నం ఆవిరి వస్తోంది. "తిని పో అవ్వా," అంది వడ్డించే అమ్మాయి అలవాటు కొద్దీ. గౌరవ్వ ఆ అమ్మాయి పక్కనుంచే చెప్పులేసుకొని మెట్లు దిగింది. మోకాలు నొప్పి ఉందో లేదో ఆమెకు గుర్తు లేదు.

గేటు దాకా ఆనందం వచ్చాడు. కండువా గుండెకు అదుముకొని, గోడ పట్టుకుంటూ వచ్చాడు.

"చెల్లె... కాదు, అవ్వా... నీ బిడ్డ ఇల్లు ఎక్కడ? జగిత్యాలల ఎక్కడ?" బొంగురు గొంతు.

ఆమె ఆగలేదు.

"నాకెరుక," అన్న జీవన్ గొంతు వెనుక నుంచి వినిపించింది. "పోతవా? గిప్పుడే పోతవా? మల్ల సూద్దామంటె నా బండి రాదు."

ఆనందం ఏం జవాబు చెప్పాడో రోడ్డు మీది లారీ చప్పుడులో కలిసిపోయింది. కృపారాణి గేటు దగ్గరికి పరుగున వచ్చి, "గౌరవ్వా! పోయొస్త అనన్న చెప్పవా?" అని పిలిచింది. వెనుక ఆటో స్టార్ట్ అయింది. గౌరవ్వ కొంగు సర్దుకొని బస్టాండు వైపు నడుస్తూనే ఉంది. ఆటో ఎటు మళ్ళిందో తిరిగి చూడలేదు.